మట్టి దొంగలు

ట్యాబు తెర మీద తన రెండెకరాలు పచ్చగా వెలిగిన రోజునే కృపామణికి ఆ పొలం పోయింది.

తప్పు తనదే అనుకుంది. కంపెనీ ఇంజినీరు సందీప్ ట్రాక్టరు వెనక కొత్త విత్తనాల మిషను కట్టుకుని వచ్చినప్పుడు, ఎడ్లపాడు పక్కనున్న ఆ ఊరి కౌలుదారులంతా గట్టెక్కి వింతగా చూశారు. మిషను ముందున్న సెన్సారు నేలలో సత్తువ ఎంతో, చెమ్మ ఎంతో నడుస్తూ నడుస్తూనే కనిపెడుతుందట. బలమున్న చోట మొక్కజొన్న గింజలు ఒత్తుగా రాలుస్తుంది, లేని చోట పలచగా. ఆ రోజుకి గింజలు పోయకుండా ఉత్తినే తిప్పి చూపించాడు. అతని చేతిలోని ట్యాబు తెర మీద సత్తువ నేల పచ్చగా, పేద నేల ఎర్రగా పడుతోంది. పక్కనున్న పొలం చెక్కలన్నీ ఎర్రగా వస్తుంటే కృపామణికి మనసాగలేదు. మాది చూడు బాబూ అని తానే ముందు నడిచి దారి చూపింది.

ఒకప్పుడది సున్నపురాళ్లు తేలిన బీడు. ఆమే, మొగుడు మధుబాబూ ఏళ్ల తరబడి రాళ్లేరారు, చెరువు మట్టి తోలారు, ఎరువు కోసం ఏటా గొర్రెల మంద కట్టించారు. మూడేళ్ల కిందట మధుబాబు పోయాక ఆమె ఒక్కతే తోలింది. తెర అంతా పచ్చబడేసరికి ఆమెకు గర్వంగా అనిపించింది, నవ్వింది కూడా.

సాయంత్రానికల్లా ఆ పొలాల ఆసామి గోపాలకృష్ణయ్య కబురు పెట్టాడు. పచ్చగా వచ్చిన చెక్కలు ఏడు. ఆ ఏడూ ఇక తానే మిషనుతో చేయించుకుంటాడట. వీళ్లు కావాలంటే కొండ కింద రాళ్లనేల చేసుకోవచ్చట. ఆసాముల దయ ఎప్పుడూ అట్లాగే ఉంటుంది.

"ఆ మట్టి మేం తోలిందయ్యా," అంది కృపామణి.

"తోలమని నేనడిగానా? పొలం ఎవరిదే?" అన్నాడాయన.

ఆమెకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. మధుబాబు పోయిన రోజున లోపల ఏదో మొద్దుబారింది. పొలం పోయినా ఆ మొద్దుతనం వదల్లేదు. ఇంటికొచ్చి అన్నం వండుకుంది, తింది, గిన్నె కడిగి బోర్లించింది. తాను అసలు మనిషినేనా అని మాత్రం భయం వేసింది.

మర్నాడు పొద్దున చర్చి అరుగు మీద కౌలుదారులు ముప్పైమంది కూడారు. మాటామాటా పెరిగింది. కోర్టుకెళ్దామన్నవాళ్ల నోరు, కృపామణికి వరసకి అత్తయ్యే సారమ్మ మూయించింది. కౌలు కార్డు ఎవరికుంది, ఆసామి సంతకం పెడితేగా కార్డు వచ్చేది అని నిలదీసింది. ఎన్నేళ్లు అడిగినా ఆయన పెన్ను మూత తీయలేదు. సర్కారు లెక్కలో ఆ నేల దున్నేది ఆయనే, వీళ్లు లేనే లేరు. ఇంతలో ఎర్రచెక్కల వాళ్లు కొందరు తమకేం పోలేదు గదా అని మెల్లగా లేవబోయారు. రసూల్‌దీ ఎర్రచెక్కే, కానీ అతను లేవలేదు.

"మనం గూడా మట్టి తోలి పచ్చగా చేశామనుకో, పైయేడు మనయ్యీ లాక్కుంటాడు," అన్నాడు. "బాగుచేసినోడి కాడే లాక్కుంటుంటే ఇంక బాగుచేసేదెందుకు?"

లేవబోయినవాళ్లు కూర్చున్నారు. ట్రాక్టరుకి అడ్డం పడుకుందామని ఒకరు, పోలీసులు ఈడ్చేస్తారని ఇంకొకరు.  చివరికి కృపామణి మంచినీళ్లు అడిగినంత మామూలుగా అంది.

"పొలం ఆయనది. మట్టి మనది. మన మట్టి మనం తెచ్చేసుకుందాం."

మిషను గింజలతో వచ్చే రోజున ముప్పైమందీ పారలూ గంపలూ పట్టుకుని ఆమె చెక్కలో దిగారు. జానెడు లోతున నల్లమట్టి ఎత్తి పక్కనున్న డొంక దారిలో పోశారు. తన చేత్తో చేసుకున్న నేలను తన చేత్తోనే తవ్వుతున్నా, కృపామణికి పార బరువు తప్ప ఏమీ తెలియలేదు. సందీప్ వచ్చి ఒక చాలు నడిపి చూశాడు. తవ్విన మేరంతా తెర మీద ఎర్రగా పడింది. ఇంజను ఆపి, ఈ సత్తువ వీళ్లు తెచ్చి పోసిందేనండీ అని గోపాలకృష్ణయ్యతో అన్నాడు. ఆయన ఒళ్లు మండి నేరుగా స్టేషనుకెళ్లి, చేతిరాతతో ఫిర్యాదు రాసిచ్చాడు.

మధ్యాహ్నం ఎస్సై వచ్చి కృపామణినీ సారమ్మనూ జీపెక్కించాడు. మట్టి దొంగతనం కేసన్నాడు. మిగిలినవాళ్లు పారలు భుజాన వేసుకుని వెనకే నడిచారు. స్టేషన్లో రైటరు ఫిర్యాదు చదివి వినిపించాడు. పదకొండేళ్లుగా నా పొలం కౌలుకు చేస్తున్న కృపామణి, మరికొందరిని వెంటబెట్టుకొచ్చి పైమట్టి తవ్వి ఎత్తుకుపోయిందని ఉంది. కింద గోపాలకృష్ణయ్య సంతకం.

"ఇంకోసారి చదవండి సారూ," అంది కృపామణి.

చదివాడు. మొగుడి శవం ముందు రాని ఏడుపు ఆమెకు పోలీసు బల్ల ముందు భోరున వచ్చింది. ఆ ఏడుపులోనే సారమ్మ చెయ్యి పట్టుకుంది.

"రాశాడత్తా. నేను కౌలు చేస్తన్నానని రాసి సంతకం పెట్టాడు."

ఆ మాట వరండా దాటి వాకిట్లోకి పాకింది. గోపాలకృష్ణయ్య గబగబా లోపలికొచ్చి, ఆ కాగితం ఇటిస్తే మార్చి రాసిస్తానన్నాడు. కేసు కట్టేశామండీ, ఇంక కుదరదన్నాడు రైటరు.

రసూల్ బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నేనూ తవ్వా. తొమ్మిదేళ్లుగా ఈయన పొలమే కౌలుకి చేస్తన్నా. అట్టాగే రాసుకోండి."

అతని వెనక ఇరవయ్యేడు మంది వరస కట్టారు. ఎస్సై కసిరాడు, లాఠీ బల్ల మీద కొట్టాడు. వరసలోంచి ఒక్కరూ కదల్లేదు. రైటరు ఎస్సై మొహం ఒకసారి చూసి, తెల్లకాగితం తీసుకుని రసూల్‌ని ఇంటిపేరు అడిగాడు.