రేపు కెప్టెన్ పడవ

రేవులో అందరూ కలిసి అతనికి పెట్టిన పేరు రేపు కెప్టెన్. ఎప్పుడు బయల్దేరుతున్నారని ఎవరడిగినా అతని నోట మొదట వచ్చే మాట ‘రేపు’. పాపం, అది అబద్ధమని అతనికే తెలియదు. అన్న ప్రతిసారీ మనస్ఫూర్తిగానే అనేవాడు.

అతను లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం చేసినవాడు. ఎక్కడైనా చిన్న కిర్రుమన్న చప్పుడు వినిపిస్తే లిఫ్టు ఆగాల్సిందే. అతని భార్య బస్సు డిపోలో బళ్ళను వేళకు రోడ్డెక్కించిన మనిషి. సీటు చిరిగినా, కిటికీ బిగుసుకుపోయినా, బ్రేకులు బాగుంటే బండి గేటు దాటాల్సిందే. యాభై దాటగానే ఇద్దరూ ఉద్యోగాలు మానేసి, ఇల్లు అమ్మి, సముద్రాలు దాటగల తెరచాప పడవ కొన్నారు. ఇక ఇల్లయినా వాకిలయినా అదే. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు గానీ, ఇలాంటి ఇద్దరికి ఒకే పడవ ఎలా సరిపోతుందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

పడవలో కాపురం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పరుపు ఎత్తితే కింద నీళ్ళ ట్యాంకు, మెట్లు ఊడదీస్తే వెనక ఇంజన్, బియ్యం డబ్బాల వెనక బ్యాటరీలు. ఏది బాగు చెయ్యాలన్నా సంసారమంతా పైకి తీసి ఎండలో పెట్టుకోవాలి. ఉప్పుగాలి ఊరుకోదు. ఇవాళ రంగేసిన ఇనుము నెల తిరక్కుండా తుప్పు పడుతుంది. అతనికి అదే పరమానందం. పొద్దున్నే స్పానర్ పట్టుకుని పని వెతుక్కునేవాడు. ఆమె కాలుగాలిన పిల్లిలా ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగేది. తిరగడానికి ఆ పడవలో ఉన్నది గట్టిగా పదడుగులే.

దూరం వెళ్ళే పడవకు కట్టుతాళ్ళు ఇరుగుపొరుగు వాళ్ళే విప్పాలని ఆ రేవులో ఒక ఆనవాయితీ. వీళ్ళు మొదటిసారి బయల్దేరిన రోజున రేవంతా గట్టు మీదే ఉంది. ఒకాయన కేకు తెచ్చాడు, పక్క పడవ పెద్దావిడ ఉన్ని టోపీలు అల్లి ఇచ్చింది, కొందరైతే కళ్ళు కూడా తుడుచుకున్నారు. సరిగ్గా అప్పుడే చుక్కాని దగ్గర ఏదో చప్పుడైందని అతను మూత విప్పాడు. ఇంకేముంది, అక్కడే కూర్చుని అందరూ కేకు తినేశారు. రెండోసారి సగం మందే వచ్చారు. ఆ తర్వాత వచ్చింది పెద్దావిడ ఒక్కతే, అదీ నైటీలో, ఆవులిస్తూ.

ఇప్పుడు అనుకూలమైన గాలి కాలం ముగింపుకొచ్చింది. అది దాటితే తుఫానులు, ఇంకో ఏడాది ఇదే గట్టు. “ఈసారి కదలకపోతే నేను దిగిపోతాను. మా అక్క దగ్గర గదుంది” అని ఆమె ముందే చెప్పింది. ఊరికే బెదిరించలేదు. అతను లేకుండా బతకడం ఎలాగో ఊహించుకుని, ఏడ్చి, ఆ తర్వాతే అన్న మాట అది.

బయల్దేరాల్సిన ఉదయం ఆమె లేచి చూస్తే మెట్లు లేవు. టేబుల్ నిండా బోల్టులు, వాషర్లు.

“ఏం చేస్తున్నారు?”

“నీళ్ళ పంపు. ఇంజన్‌ను చల్లబరచేది.”

“నిన్న బాగానే పనిచేసిందిగా?”

“మరీ బాగా పనిచేసింది. అందుకే అనుమానమొచ్చింది.”

ఆమెకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. మెట్లు లేవు గనక పైకప్పు కిటికీ గుండా డెక్కు మీదికెక్కింది. నేల వైపు నుంచి వీస్తున్న గాలి పడవను గట్టు నుంచి బయటకే నెడుతోంది. తాళ్ళు బిగుసుకుని ఉన్నాయి. పక్క పడవలో పెద్దావిడ పళ్ళు తోముకుంటోంది.

“పెద్దమ్మా, ఇంజన్ లేకుండా బయటపడగలనా?”

“ఇంజన్లు రాకముందు మేమంతా ఈదుకుంటూ వెళ్ళామనుకున్నావా? ముందువైపు తెరచాప ఒక్కటే ఎత్తు. అలల్ని ఆపే రేవుగోడ దాటాక లంగరెయ్యి. మీ ఆయన్ని అక్కడే కూర్చుని బిగించుకోమను.” పెద్దావిడ నోట్లో బ్రష్షుతోనే గట్టు మీదికి దిగి తాళ్ళు విప్పేసింది. “రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎలా? పో అమ్మాయ్, వెళ్ళు!”

ఆమె తెరచాప ఎత్తింది. పడవ కదిలింది. కింద బోల్టులు దొర్లిన చప్పుడు, ఆ వెంటనే అతని కేక. “ఇంజన్ విప్పి ఉందే! నీకు పిచ్చెక్కిందా?”

మోచేతుల దాకా గ్రీజుతో అతను పైకొచ్చేసరికి రేవుగోడ పక్కనుంచే జారిపోతోంది. గోడ దాటగానే మొదటి అల పడవను ఎత్తి వదిలింది. చుక్కాని పట్టుకున్న ఆమె చేతులు వణకసాగాయి. వెనక్కి చూసింది. గట్టు మీద పెద్దావిడ అరచేయంత కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ చెప్పులో రాయిలా పొడిచిన ఆ గట్టే ఇప్పుడు ఎంతో ముద్దొచ్చింది. ఏదైనా విరిగితే బాగుండు, వెనక్కి తిప్పడానికి ఒక సాకు దొరుకుతుంది అనుకుంది. అనుకుని తనే ఉలిక్కిపడింది. అతను ఆపుతున్నాడు కదా అన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ తను పోదాం పోదాం అందా?

అతను అరవడానికి నోరు తెరిచి, ఆమె చేతులు చూసి ఆగిపోయాడు.

“భయమేస్తోందా?”

“చచ్చేంత.”

“నాకొక్కడికే అనుకున్నా” అన్నాడు. అతని గొంతులో కోపం పోయింది. ఆమెకు ఎన్నాళ్ళుగానో వినిపించని చనువు అందులో ఉంది. “తిప్పమంటే తిప్పేద్దాం. నిన్ను ఒక్క మాట అంటే ఒట్టు.”

తిప్పమనే మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

“ముందు లంగరేద్దాం. తర్వాత మీరు కిందికెళ్ళి పంపు బిగించండి.”

“వెళ్తాలే” అన్నాడు. అన్నాడే గానీ వెళ్ళలేదు. ఆమె పక్కన ఇరుక్కుని కూర్చుని, ఆ గ్రీజు చేతినే ఆమె చేతి మీద వేశాడు. ఇద్దరి చేతులూ కలిసే వణికాయి.