తలుపు తీయగానే రావలసిన లైను

మా మందుల కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ చూసుకునేది నేను. ఏ గది ఎంత చల్లగా ఉందో, ఏ తలుపు తెరుచుకుందో కంప్యూటర్ తెర మీద లైను లైనుగా చూపించే ప్రోగ్రాం మా పెద్దమ్మాయి రాసింది. తన ఉద్యోగమూ ఇక్కడే. నేను చదివింది మూడో తరగతి. అయినా ఆ అంకెలు నాకు అలవాటే.

ఈమధ్య ఆ కంప్యూటర్లో లినక్స్ కెర్నెల్ మార్చి కొత్తది వేశారు. మెషీన్‌కి అది గుండెకాయ లాంటిదట. అప్పటినుంచి తెర చాలాసేపు బోసిగా ఉండడం, తర్వాత బోలెడు లైన్లు ఒక్కసారే వచ్చి పడడం. ఈలోగా ఒక గది తలుపు సరిగా పడక లోపల వేడెక్కింది. ఆ సంగతి తెర మీదికి ఆలస్యంగా వచ్చింది. మందులు దక్కాయి గానీ మేనేజరు మండిపడ్డాడు.

“సాయంత్రానికి బాగుపడకపోతే నీ ప్రోగ్రాం తీసేసి బయటి కంపెనీది పెట్టిస్తానమ్మా. ఏమనుకోకు.”

మా ఫిట్టర్ ఊరుకోలేదు. నోరు ఆగదని అతన్ని రేడియో అంటాం. “ఏం బాబాయ్, కూతురి కష్టం గంగలో కలిసేట్టుంది, నువ్వేమో గ్రీజు పెట్టుకుంటున్నావ్.”

బేరింగు ఎండిపోయింది మరి.

అమ్మాయి పిలిచింది. “నాన్నా, ఆ గది తలుపు కాస్త తీసి పట్టుకో.”

పట్టుకున్నాను. తెర మీద ఏమీ రాలేదు. నడుస్తున్న ప్రోగ్రాం ఆపి, తనే చేత్తో టైపు చేసి దాన్ని మొదలుపెట్టి, మళ్లీ తీయమంది. ఈసారి తీశానో లేదో లైను వచ్చేసింది.

మేనేజరు మెత్తబడ్డాడు. “పాత కెర్నెల్ వేసెయ్యమ్మా, గొడవ వదులుతుంది. నిన్నెవరూ ఏమనరు.”

“వేసినా ఇంతే సార్. కెర్నెల్‌ది ఏం లేదు, తప్పు నాదే.”

రేడియో నా వంక చూశాడు.

“ఇన్నాళ్లూ నేను చేత్తో మొదలుపెట్టిందే ఆగకుండా నడిచింది. లైన్లు నేరుగా తెరకి వెళ్లేవి, వెంటనే కనపడేవి. కెర్నెల్ కోసం మెషీన్ ఆపి లేపాం కదా. ఇప్పుడు ప్రోగ్రాం దానంతటదే మొదలై ఫైల్లోకి రాస్తోంది, ఆ ఫైలే మనం చూస్తున్నాం. ఫైల్లోకైతే లైన్లని ఒళ్లో పోగేసుకుని, ఒడి నిండాక దులుపుతుంది. లైన్ల మీది టైం చూడండి, సరిగ్గానే ఉంది. రావడమే ఆలస్యం. ఎప్పటిదప్పుడు పంపమని నేను రాయలేదు.”

ఆ ముక్క రాసింది. మెషీన్ మొత్తం ఆపి, మళ్లీ లేపి, ప్రోగ్రాం జోలికి పోకుండా చేతులు కట్టుకు నిలబడింది. నేను తలుపు తీశాను. లైను వచ్చింది. మేనేజరు నమ్మకం చాలక తనే వెళ్లి పక్క గది తలుపు లాగాడు. అదీ వచ్చింది.

ఆయన బయటి కంపెనీకి ఫోన్ చేసి రానక్కర్లేదన్నాడు. అమ్మాయి అప్పటికే కుర్చీ లాక్కుని, తన మిగతా ప్రోగ్రాముల్లో ఇదే తప్పు చేసిందేమో వెతుకుతోంది.

నా పని అయిపోయినా కదలబుద్ధి కాలేదు. సాకు చేతికిచ్చినా తీసుకోకుండా, మేనేజరు ముందు “తప్పు నాదే” అని నిలబడ్డ మనిషి మా ఇంటి పిల్ల.