సముద్రం వైపు వరస

ఇల్లు కట్టేటప్పుడు అప్పారావు ఎవరి మాటా వినలేదు. వినే రకమూ కాదు. ముప్పై నిండకుండానే సొంతానికి రెండు నావలు, బందరు దాకా కొబ్బరికాయల రవాణా, పైగా మెలేస్తే చెవుల దాకా వచ్చే మీసం. అలాంటి మనిషికి సలహా చెప్పే సాహసం ఎవరు చేస్తారు? గౌతమి సముద్రంలో కలిసే దగ్గర, పొన్నమెట్ట అనే ఇసుకదిబ్బ మీద, సరిగ్గా నీళ్ళకు ఎదురుగా పెంకుటిల్లు లేపాడు. అరుగు మీద కూర్చుంటే తన నావల తెరచాపలు కనపడాలట. కనపడ్డాయి. వాటితోపాటు ఇసుకా వచ్చింది. మొదటి వేసవిలోనే అరుగు మీద ఇసుక, అన్నంలో ఇసుక, అయిదేళ్ళ కూతురి జడలో ఇసుక. భార్య నాగమణి ముచ్చటపడి వేసుకున్న మల్లెమొక్క ఉప్పుగాలికి వారం తిరక్కుండా మాడిపోయింది. అప్పుడు గుర్తొచ్చారు ఆయనగారికి మావగారు.

మావగారి పేరు గంగయ్య. పడవలు చేసే మనిషి. ఇరవయ్యేళ్ళ కిందట పెద్ద ఉప్పెనలో భార్య అచ్చాయమ్మ పోయింది ఈ పొన్నమెట్ట మీదే. ఆ తర్వాత నాలుగేళ్ళ నాగమణిని చంకనేసుకుని గోదారి ఎగువకు, వాడపల్లిలో చెల్లెలింటికి వెళ్ళిపోయాడు. ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్నన్నాళ్ళూ రాళ్ళు మోసే పడవలకు మరమ్మతులు చేశాడు. నది మీద ఎంత పనైనా చేసేవాడు గానీ సముద్రం మాటెత్తితే మొహం తిప్పుకునేవాడు. కూతురు పెళ్ళయ్యాక, పోయి పోయి అక్కడే ఇల్లు కట్టుకుంటామంటే వద్దన్నాడు. "అమ్మ తిరిగిన చోట ఉంటాను నాన్నా" అంది నాగమణి. ఆ తర్వాత మళ్ళీ వద్దనలేదు. అలాగని గృహప్రవేశానికీ రాలేదు. ఇప్పుడు కూతురి నుంచి వచ్చిన కబురు మాత్రం కాదనలేనిది. అమ్మ తోట ఎలా ఉండేదో చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే, అలాంటి తోట వేసిపెట్టు, ఉప్పుగాలికి చావనిదీ కంటికి బాగుండేదీ కావాలి అని.

పడవ దిగి మెట్ట ఎక్కుతూ గంగయ్య సగంలో ఆగిపోయాడు. ఇంటి ముందు ఎడమ పక్కగా, సముద్రం వైపు, పొన్నచెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఏడు చెట్లు. ఒక్కో మొదలు నుంచి రెండేసి మూడేసి మానులు లేచి, వంకరలు తిరిగి, పైన గుబురుగా కమ్ముకున్నాయి. ఆయన ఊరొదిలి వెళ్ళిన నాడు అక్కడున్నవి చెట్లు కావు, నేల నుంచి మోకాలెత్తున తొమ్మిది మొద్దులు. నరికింది తనే. అవి మళ్ళీ చిగురిస్తాయని కలలో కూడా అనుకోలేదు.

పొన్నమెట్ట వాళ్ళకు అప్పట్లో ఒక నమ్మకం ఉండేది. కొత్త పడవ పలకల్ని లోపల్నుంచి పట్టి ఉంచే పక్కటెముకలు పెరటి చెట్టు కర్రతో చెయ్యాలి. అలా చేసిన పడవ ఎంత గాలివానలోనైనా ఇంటిదారి మరిచిపోదు. గంగయ్య సొంత పడవ చేసుకున్న ఏడు, తండ్రి నాటిన తొమ్మిది పొన్నలూ దానికే కొట్టాడు. సముద్రం వైపున్నవి, వాటిని ఉండనిమ్మని, వెనకాల తుమ్మచెట్టు కొట్టుకోమని అచ్చాయమ్మ బతిమాలింది. ఈయన నవ్వేశాడు. వయసులో ఉన్న మగాడికి పెళ్ళాం మాట మీద నవ్వడమంటే అదో గొప్ప. మరుసటి కార్తీకంలో ఎండుచేపలు వేసుకుని ఎగువకు బయలుదేరుతుంటే, చిన్నది నాగమణి ఏడ్చి పడవెక్కింది. తిరిగొచ్చేసరికి పడవైతే ఇంటికి చేరింది, ఇల్లే లేదు.

పక్కింటి పోలమ్మ తన పెరట్లో పొన్నచెట్టు ఎక్కి, ఇద్దరు పిల్లల్ని కొంగుతో కొమ్మకు కట్టుకుని బతికింది. కళ్ళారా చూసింది ఆవిడే. నీళ్ళు మెట్ట మీదికి ఎక్కగానే అచ్చాయమ్మ ఎప్పటి అలవాటునో చెట్ల వైపే పరిగెత్తిందట. ఎక్కడానికి ఏమీ లేక ఒక మొద్దును కావలించుకుందట. నీళ్ళు మొద్దు కంటే ఎత్తు వచ్చాయి. ఈ సంగతి పోలమ్మ గంగయ్యకొక్కడికే చెప్పింది. ఆవిడ కూడా పోయి నాలుగేళ్ళయింది. ఇక తను చెబితే తప్ప కూతురికి తెలిసే దారి లేదు. తెలిస్తే అది తన మొహం చూడదని గంగయ్యకు భయం. ఉన్నది ఆ ఒక్కగానొక్క కూతురు.

"ఈ పొన్నలు అమ్మ వేసినవేనా నాన్నా?" అని అడిగింది నాగమణి, ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిస్తూ.

"మీ తాత వేసేడమ్మా" అన్నాడు గంగయ్య. అందులో అబద్ధం లేదు. అంతటితో ఆపి కాళ్ళు కడుక్కున్నాడు.

తోట పని మర్నాడే మొదలైంది. అప్పారావుకు కాకినాడలో ఏదో దొరగారి బంగళా ముందు చూసిన గులాబీల మీద మోజు. ఇంటి ముందు నాలుగు వరసలు గులాబీలు వేయిద్దామన్నాడు.

"వేయిద్దామండి అల్లుడుగారు. ముందు ఇసుకని పడుకోబెడదాం. అది అటూ ఇటూ తిరుగుతుంటే మీ గులాబీ ఎక్కడ నిలబడుతుందండీ?" అన్నాడు గంగయ్య.

"ఇసుకని పడుకోబెట్టడమేంటండీ మావయ్యగారు?"

"చూద్దురు గానీండి."

చెప్పడం ఆయనకు చేతకాదు. ఆ మాట అచ్చాయమ్మది. కొత్తగా కాపురానికొచ్చిన నెలలో, ఊడ్చిన వాకిట్లోకి మళ్ళీ మళ్ళీ వచ్చిపడే ఇసుకను చూసి, దీన్ని పడుకోబెడితే గాని లాభం లేదని, పొద్దున్నే ఒడ్డుకు పోయి బాలబందితీగ ముక్కలు తట్ట నిండా తెచ్చింది. తడి ఇసుకలో మూరకొకటి పాతింది. రెండు వానలకు అవి అల్లుకుపోయి, ఊదారంగు పూలు పూసి, ఇసుకను కదలనీయకుండా పట్టేశాయి. వాటి మధ్య రావణాసురుడి మీసాలు గుచ్చింది. ఆ గడ్డి ముళ్ళు చేతికి గుచ్చుకుంటే, వాడి మీసాలకింత పొగరుంటే వాడికెంత ఉండాలి అని నవ్వేది. గంగయ్య ఇప్పుడు అవే తీగలు పాతుతూ, అవే ముళ్ళు గుచ్చుకుంటూ, ఆ నవ్వు విన్నాడు. ఏడుపొచ్చింది. ఇసుక కంట్లో పడిందన్నాడు, అల్లుడు నమ్మాడు కూడా.

తీగల వెనక మొగలి. ఇక్కడ అప్పారావు మొండికేశాడు. మొగలిపువ్వు శివుడికి పనికిరాదు, పైగా పొదల్లో పాములు చేరతాయి. ఇంటి ముందు అదేం శుభమన్నాడు. పామైనా సముద్రానికి జడిసే అక్కడ దాక్కుంటుంది గదండీ, మనం కూడా దాని వెనక్కే చేరదాం అన్నాడు గంగయ్య. పువ్వు దేవుడికి వద్దనుకుంటే నాగమణి జడలో పెట్టుకుంటుందని కూడా కలిపాడు. ఆ రెండో మాటకు అల్లుడు మీసం సవరించుకుని ఊరుకున్నాడు. ఊతవేళ్ళు దిగిన మొగలి కొమ్మలు ఒడ్డు పొడుగునా వంపుగా పాతారు. తిన్నగా పాతితే గాలి గోడలా కొడుతుంది, వంపుగా ఉంటే పక్కకు జారిపోతుంది. ఇదీ ఆవిడ చెప్పిందే. ఆ మాటకొస్తే ఆ తోటలో గంగయ్యది మట్టి తవ్వడం వరకే, తక్కినదంతా ఆవిడదే.

మొగలి వెనక పొన్నల వరస ఎలాగూ ఉంది. ఖాళీ పడిన రెండు చోట్లా పొన్నకాయలు పాతాడు. వాటి చాటున గంగరావి, గన్నేరు, ఎర్రటి నూరువరహాలు వేశాడు. సముద్రం వైపు పొట్టివి, ఇంటి వైపు వచ్చేకొద్దీ పొడుగువి, చూరు దిగినట్టు వాలుగా ఉండాలి. గాలి ఆ వాలు మీదుగా ఎక్కి ఇంటి పైనుంచి పోతుంది. కొబ్బరిమొక్కలకు నడుం లోతు గోతులు తవ్వి, అడుగున కొబ్బరి పీచు డొక్కలు బోర్లా పరిచి, చేపతలలు, ఎగువ నుంచి పడవలో తెచ్చిన చెరువుమట్టి వేశాడు. ఇంటి వెనక ఊటగుంట తవ్వితే నాలుగు మూరల్లోనే తియ్యనీళ్ళు పడ్డాయి. దాని పక్కన మల్లె. సముద్రం చూడాలన్న అల్లుడి సరదా కోసం, వరసలో ఒకచోట మనిషి పట్టేంత సందు వదిలాడు. అరుగు మీద ఆ మూల కూర్చుంటే తెరచాప కనపడుతుంది, ఇసుక మాత్రం రాదు. అప్పారావు మూడు రోజులు ఆ మూలే కూర్చున్నాడు.

నాగమణి సాయంకాలాల్లో తండ్రి పక్కన గట్టు మీద చేరి ఒక్కో మొక్కా చూపించి అడిగేది. ఇది అమ్మ ఎందుకు వేసింది, ఇక్కడే ఎందుకు వేసింది, ఏ పువ్వు పెట్టుకునేది. తల్లి మొహం గుర్తులేని పిల్ల. గంగయ్య చెప్పుకుపోయేవాడు. నూరువరహాల గుత్తి కోసి ఒక్కో పువ్వు కాడ పీల్చి తేనె తాగేదనీ, పొన్నపూలు రాలితే దోసిట పట్టి నీ మీద పోసేదనీ. ఇరవయ్యేళ్ళు ఎవరితోనూ అనని మాటలు. చెబుతుంటే ఎంత హాయిగా ఉండేదో ఆయనకే ఆశ్చర్యం వేసింది. వాడపల్లి తిరిగి వెళ్ళే ఊసు ఎత్తలేదు. ఆ దసరాకు మల్లె తప్ప అన్నీ నిలదొక్కుకున్నాయి, వేసవికి మల్లె కూడా పూసింది.

అంతా బాగుందనుకుంటుండగా అప్పారావుకు మూడో నావ మీద మనసు పుట్టింది. వడ్రంగులు దిగారు. ఒకరోజు భోజనాల దగ్గర, "మావయ్యగారండీ, పక్కటెముకలకి వంకర కర్ర కావాలి గదండీ. మన పొన్నలు చూసేను. ఒక్కో మాను ఒక్కో పక్కటెముకకి కొలిచి పెంచినట్టుందండి. పెరటి చెట్టు పడవ ఇంటికి చేరుతుందంటారు కూడాను. రేపు కొట్టించేద్దామండి" అన్నాడు.

గంగయ్య చేతిలో ముద్ద కంచంలో పడింది. "అవి పోతే ఉప్పుగాలికి తోట ఆగదండి."

"మొగలి ఉంది గదండీ."

"మొగలి చాలదండి."

"నాన్నా" అంది నాగమణి, మజ్జిగ పోస్తూ. "ఈయన సముద్రం మీదికి వెళ్ళిన ప్రతిసారీ నాకు నిద్రుండదు. అమ్మ తోటలో కర్ర ఆ పడవలో ఉందంటే నాకో ధైర్యం. కాదనకు."

గంగయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు. కాదనడానికి ఇంకో వంద సాకులున్నాయి. పురుగు పట్టిందనొచ్చు, కర్ర పచ్చిదనొచ్చు. ఈ ఏడు ఆపితే పై ఏడు మళ్ళీ అడుగుతారు. తను పోయాక అడగనే అడగరు, కొట్టేస్తారు. మనవరాలు గుమ్మంలో కూర్చుని పొన్నకాయలతో గుజ్జనగూళ్ళాడుకుంటోంది. దానికి పెట్టింది అమ్మమ్మ పేరే. గంగయ్య దాన్ని చూశాడు, తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని చెట్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. వెనకాలే అప్పారావు వచ్చాడు.

"ఈ మానులన్నీ ఒక్కో మొదట్లోంచి ఎందుకు లేచేయో చూసేవా? ఒకసారి నరికిన చెట్లమ్మా ఇవి. నేను నరికేను. నా పడవ కోసం. మీ అమ్మ వద్దంది."

మిగతాది కూడా చెప్పాడు. పోలమ్మ చెప్పిన ముక్క ఒక్కటీ దాచలేదు. ఆ మొద్దు ఏదో కూడా వేలుపెట్టి చూపించాడు. "పడవ ఇంటికి చేరిందమ్మా. అదొక్కటే చేరింది" అన్నాడు. నాగమణి ఆ చెట్టునే చూస్తూ నిలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు వడ్రంగుల్ని తుమ్మకర్రకు అంబాజీపేట పంపించాడు అప్పారావు. ఎప్పుడూ లేనిది మావగారి ముందు మీసం మీద చెయ్యి వెయ్యలేదు. నాగమణి మాత్రం నాలుగు రోజులు తండ్రితో మాట్లాడలేదు. కంచం పెట్టడం పెట్టేది, పిల్లచేత పిలిపించేది. గంగయ్య తినీ తినక లేచి, మొక్కలకు నీళ్ళు మోసేవాడు. అయిదో రోజుకు బట్టలు మూట కట్టుకున్నాడు. ఎగువకు పోయే పడవ మధ్యాహ్నానికి ఉంది. వెళ్ళేముందు ఒకసారి చూసుకుందామని పొన్నల దగ్గరికి పోతే, నాగమణి అక్కడే ఉంది.

"అమ్మకి చెట్టెక్కడం వచ్చా?" అంది తిరిగి చూడకుండా.

"వచ్చమ్మా. మా అందరికంటే బాగా ఎక్కేది. పొన్నకాయలు తనే కోసేది."

"నాకు రాదు."

"ఎగువన పెరిగేవు గదమ్మా. నేర్పేవాళ్ళెవరు?"

"నువ్వు నేర్పు. నేను పిల్లకి నేర్పుకుంటాను." మాను మీద చెయ్యేసి అంది. "నీ మీద కోపం పోలేదు నాన్నా. పోతుందో లేదో కూడా తెలీదు."

"ఆయ్" అన్నాడు గంగయ్య.

నాగమణి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. మొదటి కొమ్మ చేతికి అందలేదు. రెండుసార్లు ఎగిరి, సిగ్గుపడి ఆగింది. గంగయ్య మాను పట్టుకుని దాని మొదట్లో గొంతుక్కూర్చున్నాడు. "భుజమ్మీద కాలు పెట్టు" అన్నాడు.

"నీ మీద కాలు పెట్టనా?"

"పెట్టమ్మా."

ఆమె వంగి తండ్రి భుజాన్ని ముట్టుకుని ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. అప్పుడు కాలు పెట్టింది. రెండో కాలూ పెట్టింది. కిందున్నది ముసలి ప్రాణం, నాలుగు రోజులుగా తిండి సరిగా లేదు. మానును రెండు చేతులా బిగించి పట్టుకుని మెల్లిగా లేవసాగాడు.

"ఇంకొంచెం లే నాన్నా" అంది నాగమణి పైనుంచి, "అందుతోంది."

గంగయ్య లేచాడు.