జుక్కల్‌కు ఇద్దరు

ఇడ్లీ ప్లేట్ల ఆఖరి దొంతరను మంగ్లి నీళ్లలోంచి తీసి బోర్లించేసరికి, రాజ్యం చేతులు తుడుచుకుని హోటలు వెనక గుమ్మంలో నిలబడి ఉంది.

"జెల్ది కానియ్యి పిల్లా. సీట్లు దొరకయ్ మల్ల."

బాన్సువాడ బస్టాండు ఎదుటి ఆ టిఫిన్ హోటల్లో ఇద్దరూ పదకొండేళ్లుగా గిన్నెలు తోముతున్నారు. రాజ్యానికి అరవై దాటాయి. పొట్టి మనిషి, ముందుకు వంగిన భుజాలు, సబ్బునీళ్లకు నాని ముడతలు పడ్డ వేళ్లు. మంగ్లి ఆమెకన్నా పదేళ్లు చిన్న. రోజూ తండా నుంచి వచ్చిపోతుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం పని కాగానే ఇద్దరూ ఏదో ఒక బస్సెక్కుతారు. ఆఖరి స్టాపులో దిగుతారు, చాయ్ తాగుతారు, అదే బస్సులో తిరిగొస్తారు.

ఆ అలవాటు పెట్టింది రాజ్యమే. అంతకుముందు ఆమె బస్సెక్కిందల్లా చెరుకు నరకడానికో, దవాఖానకో, ఎవరైనా పోతే చివరిచూపుకో. "ఏ పని లేకుండ పోతే తొవ్వ ఎంత మంచిగ కనవడ్తదే" అంది, మొదటిసారి ఊరికే పిట్లం దాకా వెళ్లొచ్చిన రోజు.

కండక్టరు హేమలతకు వాళ్లు అలవాటే. "ఇయ్యాల ఏడికవ్వా?"

"నీ బస్సు ఏడిదాంక పోతదో గాడికి, ఇద్దరికి కొట్టు."

"జుక్కల్ పోతది. ఆడ ఏం పనున్నది మీకు?"

"పనుంటే ఎందుకు పోతం బిడ్డా?"

హేమలత నవ్వుకుంటూ రెండు సున్నా టికెట్లు చింపి ఇచ్చింది. కోతల కాలం. దారి పొడవునా రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. బస్సు ఒక పక్కకు ఒరుగుతూ పోతోంది. రాజ్యం బయటికి చూసి, "సగం రోడ్డు వడ్లకు కిరాయికిచ్చిండ్రు" అంది. ముందు సీటులోని ఆడవాళ్లు వెనక్కి తిరిగి నవ్వారు.

జుక్కల్‌లో చాయ్ బండి దగ్గర తెల్లటోపీ ముసలాయన ఎవరో రాజ్యాన్ని మరాఠీలో ఏదో అడిగాడు. ఆమె "హో, హో" అంటూ తలూపింది. ఆయన సంబరంగా చాలాసేపు ఏదో చెప్పి, ఇద్దరికీ ఇంకో చాయ్ చెప్పి వెళ్లిపోయాడు.

"ఏమన్నడక్కా?" అని మంగ్లి అడిగింది.

"నాకేం ఎరుక? మంచిమాటే అయ్యుంటది, చాయ్ వచ్చింది కద."

ఆ రెండో చాయ్‌ని సాసరులో పోసుకుని, ఊదుకుంటూ, కళ్లు మూసుకుని తాగింది. లేచేటప్పుడు రొమ్ము రుద్దుకుంది. "పొద్దుగాల తిన్న మిర్చి బజ్జి మండుతున్నది" అని, తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుంది.

ఎప్పుడూ చెప్పేది రాజ్యం, నవ్వేది మంగ్లి. ఈ రోజు మాత్రం మంగ్లి దగ్గర ఒక ముచ్చట ఉంది. పొద్దుటి నుంచీ దాచుకుని, బస్సు జుక్కల్ దాటాక మొదలుపెట్టింది.

"నిన్న రేషన్ బియ్యం కాడ మిషన్ల వేలు వెట్టినక్కా. ఎంత ఒత్తినా తీసుకుంటలేదు. నీ వేలికి గీతలే లేవు, నువ్వు మంగ్లివని ఎట్ల నమ్మాలె అన్నడు డీలరు. నేనన్న, బస్టాండు కాడ హోటలుకు పోయి ఇడ్లీ ప్లేట్లు చూడన్నా, నా గీతలన్ని ఆడనే ఉన్నయ్ అని."

వెనక సీటులోని మనిషి పకపకా నవ్వాడు. రాజ్యం నవ్వలేదు. అద్దానికి తల ఆనించి బయటికే చూస్తోంది.

మంగ్లి వినపడలేదేమోనని ఆఖరి మాట మళ్లీ చెప్పింది.

"పదకొండేండ్లు నీ ముచ్చట్లకు నవ్విన. నాదొక్కదానికి నవ్వరాదా?"

అయినా రాజ్యం ఇటు తిరగలేదు. మంగ్లికి రోషం వచ్చింది. ముఖం తిప్పుకుని, నడుమ దారివైపు చూస్తూ కూర్చుంది. ఒక ఊరు పోయింది. ఇంకో ఊరు పోయింది. తనే పలకరిస్తుందిలే, అప్పటిదాకా నేను మాట్లాడను అనుకుంది.

పెద్ద కొడప్‌గల్ దగ్గర డ్రైవరు వడ్ల కుప్పను తప్పించబోయి బస్సును ఒక్కసారిగా పక్కకు తిప్పాడు. రాజ్యం తల అద్దానికి ఠక్కున కొట్టుకుంది. ఆమె తల సర్దుకోలేదు. మంగ్లి చేయి పట్టుకుని లాగితే, ఆ చేయి బరువుగా జారి సీటు మీద పడింది.

హేమలత విజిలేసి బస్సు ఆపించింది. ఎవరో ముఖాన నీళ్లు చల్లారు. ఎవరో ఫోను చేశారు. అంబులెన్సు మనిషి వచ్చి మణికట్టు పట్టుకుని చూశాడు, మెడ దగ్గర చూశాడు. మెల్లగా చేయి తీసేశాడు.

"ఎంతసేపైందమ్మా?"

మంగ్లి నోరు తెరిచింది. ముందు తన తండా భాష వచ్చింది. అతనికి అర్థం కాలేదు.

"తెల్వది సార్. నేను అలిగి కూసున్న."

"ఎప్పటికెల్లి మాట్లాడ్తలేదు అంటున్న."

"నవ్వలేదని అలిగిన సార్. గిటు తిరిగి కూసున్న."

అతను హేమలత వైపు చూశాడు. హేమలత టికెట్ల మిషను ఛాతీకి అదుముకుని నిలబడి ఉంది. మంగ్లికి ఏడుపు రావడం లేదు. అదే మాట మళ్లీ అంది, ఈసారి ఎవరితోనో తెలియకుండా.

ఇద్దరు మనుషులు చంకల కింద చేతులు వేసి రాజ్యాన్ని లేపారు. ఆమె ఒడిలోంచి ఏదో జారి, బస్సు నేల మీద దొర్లి, ముందు సీటు ఇనుపకాలికి తగిలి ఆగింది. జామకాయ. జుక్కల్‌లో ఎప్పుడు కొన్నదో మంగ్లి చూడనే లేదు. ఒకే ఒక్క కొరుకు కొరికి ఉంది. పళ్లు దిగిన చోట ఇంకా తెల్లగా, తడిగా ఉంది.