ఊఁ అన్న పాపానికి

నేను ఒక చెవిమిషన్ని. చిక్కుడుగింజ కంటే కాస్త పెద్దగా, చెవి వెనక ఇమిడిపోయేంత ఉంటాను. నన్ను మెరిసే కాగితంలో చుట్టి ‘సరికొత్తది’ అని ఎవరైనా మీ చేతిలో పెడితే నమ్మకండి. ఎన్నిసార్లు సరికొత్తదాన్నయ్యానో నాకే గుర్తులేదు. ఒక చెవిలోంచి వెనక్కి రాగానే దూదితో తుడుస్తారు, గొట్టం మారుస్తారు, కొత్త సీలు వేస్తారు. ఇది రాస్తున్న వేళకి కూడా నేను సీలు వేసిన పెట్టెలోనే ఉన్నాను.

ఎక్కడ పుట్టానన్నది కూడా అనుమానమే. పెట్టె మీద ఒక దేశం పేరు, నా పొట్ట మీద ఇంకో దేశం పేరు. ఊహ తెలిసేసరికి హైదరాబాదులో ఒక మూడో అంతస్తు గదిలో అట్టపెట్టెల మధ్య ఉన్నాను. పరీక్షకని పెట్టిన బ్యాటరీ తీయడం ఎవరో మర్చిపోయారు. పక్కగదికీ మాకూ మధ్య పలుచటి ప్లైవుడ్ గోడ. అవతల అమ్మాయిలు పొద్దస్తమానం ఫోన్లలో మాట్లాడుతుండేవాళ్ళు. వినడానికే పుట్టినదాన్ని, అటు మాటా ఇటు మాటా అన్నీ విన్నాను. మనుషుల మీద అనుమానం నాకు అక్కడే పట్టుకుంది.

పదిహేను రోజులు ఉచితంగా వాడి చూడండి, నచ్చకపోతే వెనక్కి పంపండి, చిరునామా సరిచూసుకోవడానికి కార్డు మీద ఒక్క రూపాయి చాలు. ఇంతవరకూ నిదానంగా, ముద్దుగా చెప్పేవాళ్ళు. ఆ తర్వాత గొంతు అదే, వేగం మాత్రం మారిపోయేది. గడువులోగా సీలు విప్పకుండా వెనక్కి పంపకపోతే నెలనెలా రెండు వేలకు రూపాయి తక్కువ కార్డులోంచి తీసుకుంటామనీ, మానుకోవాలంటే ఫలానా నంబరుకు ఫలానా వేళల్లోనే చెయ్యాలనీ, ఇందుకు మీకు సమ్మతమేననీ ఒక్క గుక్కలో అప్పజెప్పేసేవాళ్ళు. సీలు విప్పకుండా చెవిలో ఎలా పెట్టుకుంటారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

అసలు కిటుకు అది కాదు. అవతల ఫోను పట్టుకున్నది ఎవరు? చెవి వినపడనివాళ్ళు. వాళ్ళకో అలవాటుంది. వినపడని మాటకల్లా ‘ఊఁ’ అంటారు. ‘ఏమన్నారు?’ అని రెండోసారి అడగడం నామోషీ. ఆ ‘ఊఁ’లన్నీ కంపెనీవాళ్ళు రికార్డు చేసి భద్రంగా దాచుకునేవాళ్ళు. వినపడదని తెలిసి మిషను అమ్ముతూ, వినపడని షరతులకు ఒప్పుకోలు పుచ్చుకోవడం! ఇంతటి తెలివి నాలాంటి యంత్రానికి ఏడు జన్మలెత్తినా రాదు.

నా మొదటి చెవి తణుకులో ఒక బట్టల కొట్టాయనది. అన్నదమ్ములు పంపకాల మాట ఎత్తినప్పుడు నన్ను జేబులో వేసుకునేవాడు, వాళ్ళు లేచి వెళ్ళిపోతుంటే పెట్టుకునేవాడు. ఆ తర్వాత ఒక సంగీతం మేష్టారు. శిష్యులు ఎలా పాడుతున్నారో నా వల్ల తెలిశాక మూడో నాటికే తీసి అవతల పెట్టాడు. ఇద్దరి కార్డుల్లోంచీ డబ్బు పోయింది, ఇద్దరూ సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు. కంపెనీ నమ్ముకున్నది ఆ సిగ్గునే.

తర్వాతి చెవి కాకినాడలో మంగతాయారుది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ట్రంకు కాల్సు కలిపిన రోజుల్లో గాలివానలో కూడా అవతలి ఊరి మాట పట్టుకునేదని ఆవిడకు పేరు. అలాంటి మనిషికి చెవులు మందగించాయంటే ఒప్పుకుంటుందా? ఈ కాలం పిల్లలకు నోరు తెరిచి మాట్లాడటం రాదనేది. కూతురు హైమవతి, అల్లుడు పురుషోత్తం ఆవిడ దగ్గరే ఉంటారు. ఇద్దరూ ఉద్యోగస్తులు.

ఒక ఆదివారం హైమవతి తలంటుకు వెళ్ళింది. కూతురి ఫోనులో మా కంపెనీ ప్రకటన కనిపిస్తే మంగతాయారు ఆ ఫోన్లోంచే మిస్డ్ కాల్ ఇచ్చింది. వెంటనే మా కంపెనీ అమ్మాయి ఫోను చేసింది. ఇంకొకరైతే మధ్యలో పెట్టేసేవారేమో. కానీ ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషి అవతలివాళ్ళు ముగించకుండా లైను వదలదు. పైగా ఆ అమ్మాయీ ఒకప్పటి తనలాగే చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని రోజంతా మాట్లాడే పిల్ల కదా అని జాలి. గోడ ఇవతల నేను వింటూనే ఉన్నాను. గుక్క తిప్పుకోని షరతులన్నిటికీ ఆవిడ ‘ఊఁ, అలాగేనమ్మా’ అంది. కూతురి కార్డు తీసి నంబరు చదివింది, ఆపరేటరు అలవాటు కొద్దీ ఒక్కొక్క అంకె మళ్ళీ చదివి సరిచూసింది. ఫోనుకొచ్చిన ఓటీపీ కూడా అలాగే చెప్పింది. ఒక్క రూపాయే కదా అని కార్డు యథాస్థానంలో పెట్టేసింది.

పట్టపగలు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు కొరియరులో దిగాను. ఆవిడ నన్ను చెవిలో పెట్టుకుని జుట్టు కిందకి సర్దుకుంది. ఎవరికీ చెప్పలేదు. కుక్కరు ఆవిరి, పక్కింటి మిక్సీ, గేటు చప్పుడు వింటూ రోజంతా ఇంట్లో తిరిగింది. నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటేసింది.

ఆ ముచ్చట నెల్లాళ్ళు కూడా నిలవలేదు. అమ్మకు వినపడదన్న ధీమాతో కూతురూ అల్లుడూ ఆవిడ ఎదుటే లోగొంతుకలో పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎప్పుడూ వినని శ్రీకర సర్వీసెస్ అనే పేరు మీద కార్డులోంచి డబ్బు పోతోందట. పురుషోత్తానికి ఒకప్పుడు ఫోనులో పేకాట పిచ్చి ఉండేది. హైమవతి గాజులు తాకట్టు దాకా వెళ్ళాక ఒట్టేసి మానేశాడు. మా కంపెనీ బిల్లు మీద ఇంకో పేరు వేస్తుందని వాళ్ళకేం తెలుసు?

“మళ్ళీ కోత పడిందండి,” అంది హైమవతి రెండో నెల.

“నీ మీద ఒట్టు హైమా. నేనాడట్లేదు.”

“కిందటిసారీ ఇదే ఒట్టేశారు.”

ఆ రోజు నుంచి హైమవతి అతని ఫోను తీసి చూసేది, చొక్కా జేబులు తడిమేది. అతను అడక్కుండానే ఎక్కడికెళ్ళిందీ చెప్పడం మొదలుపెట్టాడు. అలా చెబుతున్నకొద్దీ ఆవిడకు అనుమానం పెరిగేది. మూడోసారి పడితే తునిలో అతని అన్నగారింటికి వెళ్ళిపొమ్మని చెప్పేసింది.

మంగతాయారు ఈ మాటలన్నీ నా ద్వారానే విన్నది. మొదట తనూ అల్లుణ్ణే అనుమానించింది, అతనికి వడ్డించేటప్పుడు చెయ్యి బిగబట్టింది. రెండో నెలలో మాత్రం, కార్డు అనే మాట వినగానే వేళ్ళు నా మీదకు వచ్చి ఆగిపోయాయి. ఆవిడకు తెలిసిపోయిందని నా అనుమానం. చెబితే వినపడదని ఒప్పుకోవాలి. చెప్పకపోతే అల్లుడు ఇల్లు వదిలి పోతాడు. నేను కీచుమని అరిచాను. నొక్కేసి నోరు మూయించింది. ఆవిడ మీద నాకు కోపం వచ్చింది.

మూడోసారి పడింది. సెలవురోజు, ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. పురుషోత్తం సంచిలో బట్టలు సర్దుకుని కూడా, ఒక్క ఫోను చేసి వెళ్తానన్నాడు. బ్యాంకువాళ్ళను పదిసార్లు బతిమాలితే ఆ శ్రీకర వాళ్ళ నంబరు ఇచ్చారట. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతలి మనిషి తొణక్కుండా, మీ ఇంటి మేడమే ఒప్పుకున్నారు, రికార్డు వినండి అన్నాడు. హైమవతి మొగుడి వంక చూసిన చూపులో ఇంకో అనుమానం కూడా కనిపించింది. ఎవరా మేడం?

రికార్డు మొదలైంది. ఆ షరతులు, ఆ గుక్క తిప్పుకోని వేగం. మంగతాయారు వాటిని విడివిడిగా, ఒక్క ముక్క పోకుండా వినడం అదే మొదలు. మధ్యమధ్య తన గొంతు: ఊఁ. ఊఁ. అలాగేనమ్మా. తర్వాత అంకెలు, మళ్ళీ అంకెలు.

“అమ్మా, అది నీ గొంతే కదే?” అంది హైమవతి.

ఆవిడకు తప్పించుకునే దారి ఉంది. వినపడనట్టు కిటికీ వైపు చూస్తే చాలు, ఏళ్ళుగా చేస్తున్న పనే. అదే చేస్తుందనుకున్నాను. కానీ ఆవిడ జుట్టు పక్కకు తీసి, నన్ను చెవిలోంచి లాగి, బల్ల మీద ఫోను పక్కన పెట్టింది.

“నాకు వినపడదే. ఎప్పట్నుంచో వినపడట్లేదు. అబ్బాయి తప్పేం లేదు, నేనే ఇచ్చాను నంబరు. తెలిసి కూడా నోరు మూసుక్కూచున్నాను.”

ఫోనులో మనిషి ఇంకా ఏదో చెబుతున్నాడు. పురుషోత్తం పెట్టేశాడు. హైమవతి కళ్ళనిండా నీళ్ళతో మొగుడి దగ్గరికి వెళ్ళి, సంచి పట్టుకున్న చేతిని పట్టుకుంది.

“తప్పు నాదండి. మిమ్మల్ని ఊరికే అనుమానించాను,” అంది. ఎంత చిన్నగా అంటే, పక్కనే ఉన్న నాకే అందీ అందనట్టుంది.

మంగతాయారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

“ఏమన్నావే? నాకు వినపడలేదు. గట్టిగా చెప్పు,” అంది.

హైమవతి ఒకసారి దగ్గి, తల్లి వైపు తిరిగి, తప్పు నాదేననీ ఆయన్ని ఊరికే అనుమానించాననీ అరిచినట్టుగా చెప్పింది. పక్కింట్లో మిక్సీ ఆగింది.

పురుషోత్తం సంచి కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు.

“అత్తయ్యగారికి ఇంకా సరిగ్గా వినపడినట్టు లేదు హైమా,” అన్నాడు. “ఇంకోసారి చెప్పు.”