మడత మరిచిన ఎముక

ఆపరేషన్‌కి ఇంకో గంట ఉందనగా కత్తెరమ్మ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టనని మొండికేసింది. ఆమె అసలు పేరు ఆస్పత్రి కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్న మనిషిని అందరూ అలాగే పిలుస్తారు.

లారీ తగిలి ఆమె ఎడమకాలిలో మోకాలి కింది ఎముక జానెడు మేర నుజ్జయింది. ఆ ఖాళీలో పెట్టడానికి, బాగున్న కుడికాలికి స్కాన్ తీసి, ఆ కొలతలతో త్రీడీ ప్రింటర్‌లో పొర మీద పొర పోసి ఒక ముక్కను అచ్చు వేశారు. ముక్క నిండా సన్నటి చిల్లులు. వాటిలోకి అసలు ఎముక పెరుగుతుందట. ధైర్యంగా ఉంటుందని అలాంటిదే ప్లాస్టిక్ నమూనా ఒకటి ఆమె చేతిలో పెట్టారు. కొరివితో తల గోక్కున్నారు పాపం.

కత్తెరమ్మ దాన్ని ముందు కుడికాలికి ఆనించింది. అతికినట్టు సరిపోయింది. కదలకుండా ఇనుప ఊచలు బిగించిన ఎడమకాలి పక్కన పెట్టింది. అంచు ఎటు ఒరగాలో అటు కాక రెండోవైపు ఒరిగింది.

"ఇది కుడికాలిది."

"అత్తయ్యా, పెద్ద డాక్టరుగారి ముందు మనకెందుకు?" అని కోడలు చెయ్యి నొక్కింది.

"కంప్యూటర్ చేసిందమ్మా. తప్పు రాదు" అన్నాడు డాక్టరు.

"గుడ్డ మడతపెట్టి కత్తిరిస్తే చొక్కాకి ఒక చెయ్యి కుడిది, ఒకటి ఎడమది వస్తాయి. మడత మరిచిపోతే రెండూ ఒకే చేతివి. మీవాళ్ళు మడత మరిచిపోయారు. గుడ్డయితే తిరగేసి కుడతాను. ఎముకను తిరగేస్తారా?"

డాక్టరు పక్కనున్న, ఆ ముక్కను అచ్చు వేసిన అమ్మాయి లాప్‌టాప్ తెరిచింది. రెండు కాళ్ళ బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసింది. "సార్... బొమ్మను అద్దంలోలా తిప్పలేదు."

డాక్టరు గడియారం చూసుకున్నాడు. "కాస్త అరగదీసి సరిపెట్టేస్తాం. ఇవాళ తప్పితే రెండు నెలల దాకా ఖాళీ లేదు."

కత్తెరమ్మకి నిజంగానే భయం వేసింది. ఇంకో రెండు నెలలు ఈ ఊచలతో, ఈ నొప్పితో. ఈ కాలు నిలబడకపోతే మిషన్ తొక్కడం అనేదే ఉండదు. అయినా సరిపెట్టేస్తాం అన్న మాటకి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అలా సరిపెట్టిన చొక్కాలు చెయ్యి ఎత్తగానే చంకలో చిరగడం ఆమె చాలా చూసింది.

సంతకం పెట్టకుండానే కాగితం మడిచి డాక్టరు చేతిలో పెట్టింది. కోడలు ఈసారి అడ్డు చెప్పలేదు. చంకకర్రలు తెచ్చి అత్తగారికి అందించింది.

"మళ్ళీ చెయ్యండి. నేను చూశాకే లోపల పెట్టండి" అంది కత్తెరమ్మ లేచి నిలబడుతూ. "రెండు నెలలు కుంటుతాను డాక్టరుగారూ, నాకేం సిగ్గు లేదు. మీకు తొందరని జన్మంతా మాత్రం కుంటను."