పదకొండు గంటల చేప

సముద్రంలో చేప ఎక్కడుందో చేపకంటే ముందు తనకే తెలుస్తుందని పడవ నడిపే సరంగు నమ్మకం. ఆ నమ్మకాన్ని మనసులో దాచుకునే రకం కాదాయన. పడవెక్కిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఎక్కకుండా రేవు గట్టు మీద ఊరికే నిలబడ్డవాడికి కూడా చెప్పేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే పనిగా చెప్పడంతో వినేవాళ్ళకీ నమ్మక తప్పలేదు. కాదనాలంటే చేప పైకొచ్చి కాదనాలి, దానికి వేరే పనులున్నాయి.

ఆయనది వల వేసే పని కాదు. సరదాకి చేపలు పట్టే మారాజులను తీరానికి ముప్ఫై మైళ్ళ అవతలికి తీసుకెళ్ళి, పడవ వెనక నాలుగు దారాలకు రంగు కుచ్చుల బొమ్మ ఎరలు కట్టి, వాటిని నీటి మీద ఎగిరెగిరిపడేలా లాక్కుంటూ గంటల తరబడి తిరగడం. దీన్ని ట్రోలింగ్ అంటారు. ఫోన్లలో జనం ఒకర్నొకరు ఆడిపోసుకునే ట్రోలింగ్ కాదు, ఇది దానికంటే పాతది, కాస్త మర్యాదైనది కూడా. పారిపోతున్న చిన్నచేప అనుకుని, ఈటెలాంటి ముక్కున్న కొమ్ముకోనెం లోతుల్లోంచి వచ్చి ఆ బొమ్మను కరవాలి. కరిచాక మారాజు దాంతో గంటసేపు కుస్తీ పట్టి, పడవ పక్కకు లాగి, ఫోటో దిగి, మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తాడు. ఆ మాత్రం దానికి ఇంత రాద్ధాంతం ఎందుకని సరంగు భార్య ఆయన ఈ పనిలోకి దిగిన కొత్తలో ఒకసారి అడిగింది. ఆయన ఇంకో ఎరకి కుచ్చు కట్టుకున్నాడు.

సరంగు గొప్పతనమంతా ఆయన తిప్పుడులో ఉంది. మిగతా పడవలు తిన్నగా పోతుంటే, ఈయన అయిదు నిమిషాలకోసారి స్టీరింగ్ గిర్రున తిప్పేవాడు. "తిన్నగా పోవడానికి ఇదేమన్నా రేవు దాటించే బల్లకట్టా? మెలిక తిరిగితేనే చేపకి ఆశ పుడుతుంది," అని మీసం దువ్వుకునేవాడు. చేపకి ఏం పుట్టేదో గానీ, ఎక్కినవాళ్ళకి మాత్రం పొద్దున తిన్నది బయటికొచ్చేది.

పదకొండు కొట్టేసరికి ఆయనకు ఆకలేసేది. ఆకలి విషయంలో ఆయన గడియారం ఎప్పుడూ తప్పలేదు. స్టీరింగ్ కూతురికి అప్పగించి, "తిన్నగా పోనీ, నీ తెలివితేటలేవీ చూపించకు," అని హెచ్చరించి, క్యారియర్ విప్పుకుని నీడన కూర్చునేవాడు.

కూతురికి ఇరవై ఏడేళ్ళు. తొమ్మిదేళ్ళుగా తండ్రి పడవలోనే పని. ఎరలు కట్టడం, గాలాలకు సానపెట్టడం, ఇంజనులో నూనె మార్చడం, వాంతి చేసుకున్న మారాజుల వీపు నిమరడం అన్నీ ఆమే చూసుకునేది. సొంతంగా పడవ నడపాలంటే రేవు ఆఫీసులో పరీక్ష రాయాలి. పరీక్షకు కూర్చోవాలంటే, పని నేర్పిన సరంగు ఈమె పడవ నడపగలదని రాసి సంతకం పెట్టాలి. రెండేళ్ళుగా ఆ కాగితం పట్టుకుని తిరుగుతోంది. రెండేళ్ళుగా ఆయనది ఒకటే మాట: "ఇంకా నీ చెయ్యి తిరగలేదమ్మడూ."

ఈసారి కాగితం ఇవ్వడానికి శుక్రవారం ఆఖరు. "నువ్వు సంతకం పెట్టకపోతే సోమవారం నుంచి ఐసు ఫ్యాక్టరీలో చేరతాను నాన్నా. మాట్లాడేసుకున్నాను," అంది కూతురు. బెదిరిస్తోందేమోనని సరంగు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె గాలానికి సానపెట్టుకుంటోంది. తలెత్తలేదు. ఆయనకు గుండెలో కలుక్కుమంది గానీ, పైకి మాత్రం మీసమే దువ్వుకున్నాడు.

ఇదిలా ఉండగా బుధవారం నాడు పళ్ళ డాక్టరు దిగాడు.

ఏడాదికి రెండుసార్లు వచ్చే పాత మారాజే. ఈసారి చేతిలో పిల్ల సొరకాయంత గొట్టం ఉంది. ఆ గొట్టానికి తోకా రెక్కలూ ఉన్నాయి, వెనకవైపు అద్దపు కన్ను ఉంది. నీళ్ళలో లాగే కెమెరా అట. దాన్ని ఎర దారానికే కాస్త ముందు కడితే, వెనక ఎర దగ్గరికి ఏమేం వస్తున్నాయో అంతా బొమ్మ పట్టేస్తుందట.

"నా బతుకంతా చీకటి నోళ్ళలోకి చిన్న అద్దం పెట్టి చూడటంతోనే సరిపోయింది సరంగుగారూ," అన్నాడు డాక్టరు. "ఒక్కసారైనా పెద్ద నోరు చూద్దామని."

"చూడండి, చూడండి. నా మెలికకి అవి ఎలా పడి చస్తాయో మీకే తెలుస్తుంది," అన్నాడు సరంగు.

ఆ రోజూ ఎప్పటిలాగే పదకొండు దాటాక ఒక చేప పడింది. ఎప్పటిలాగే సరంగు ఎంగిలి చేత్తో లేచి, కూతుర్ని పక్కకు నెట్టి స్టీరింగ్ అందుకున్నాడు. "పొద్దుట్నుంచీ దువ్వుతున్నాను దీన్ని. ఇప్పటికి దారికొచ్చింది!" అని కేకేశాడు.

సాయంత్రం రేవులో తమ రేకుల గదిలోకి చేరారు. పడవ కావాలని వచ్చేవాళ్ళతో మాట్లాడటానికి సరంగు భార్య అక్కడ బల్ల వేసుకుని కూర్చుంటుంది. ఆ బల్ల మీదే డాక్టరు తన కంప్యూటర్ తెరిచాడు. గోడ నిండా సరంగు చేపలతో దిగిన ఫోటోలు. వాటి కింద కుర్చీ వేసుకుని, పెళ్ళికొడుకులా కూర్చున్నాడాయన.

తెర మీద నీలం నీళ్ళు. మధ్యలో కుచ్చులు ఊపుకుంటూ బొమ్మ ఎర. మూలన టైము పడుతోంది. ఏడూ నలభైకి, అడుగునుంచి ఒక నీడ లేచింది. కొమ్ముకోనెం! మనిషి కంటే పొడవుంది. ఎర వెనకే చేరి, బారెడు దూరంలో ఒద్దికగా ఈదుతోంది. డాక్టరు తెర మీదికి వంగాడు. ఇంతలో తెర మీద బొమ్మంతా పక్కకి ఒరిగింది. ఎర నీళ్ళలోంచి ఎగిరి బయటపడింది, తెరంతా తెల్లటి నురగ కమ్మేసింది. నురగ తగ్గేసరికి ఎర ఉంది, చేప లేదు.

"మెలిక," అంది కూతురు, మెల్లగా.

ఎనిమిదింబావుకి ఇంకోటి వచ్చింది. నాలుగు నిమిషాలు వెంట నడిచి, నోరు తెరవబోయింది. మెలిక. నురగ. మాయం. తొమ్మిదింటికి రెండు కలిసి వచ్చాయి. మెలిక. ఒకటైతే పోతూ పోతూ వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. చేపకి ముఖకవళికలుంటాయని సరంగు అంతకుముందెప్పుడూ అనుకోలేదు గానీ, అది మాత్రం అచ్చం విసుగే.

పదకొండయ్యేలోపు మొత్తం తొమ్మిది చేపలు వచ్చి, తొమ్మిదీ వెళ్ళిపోయాయి.

"కెమెరా చూసి బెదిరాయి," అన్నాడు సరంగు. డాక్టరు బొమ్మను ఇంకాస్త ముందుకు జరిపాడు. "నీళ్ళు కూడా ఇవాళ అంత బాగా లేవు."

పదకొండూ అయిదు. తెర నిలకడగా ఉంది. ఎర బుద్ధిగా ఎగురుతోంది. చేప వచ్చింది, చూసింది, దగ్గరికి జరిగింది. ఒళ్ళంతా నీలంగా వెలిగింది. తాపీగా నోరు తెరిచి ఎరను అందుకుంది.

డాక్టరు అమాయకుడు. "ఇక్కడేం మారింది? ఇదెందుకు పారిపోలేదు?" అని అడిగాడు.

కూతురు పైకప్పు రేకుల వైపు చూస్తూ, "అప్పుడు నాన్న అన్నం తింటున్నాడు," అంది.

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి సరిపోలేదు. రెండో చెయ్యీ పెట్టినా నవ్వు ఆగలేదు.

"ఏమిటే ఆ ఇకిలింపు?" అన్నాడు సరంగు.

"ఏమీ లేదండీ. గోడ మీద ఫోటోలు చూడండొకసారి. ఒక్కదాంట్లోనైనా మీరు కుడిచేత్తో చేపను పట్టుకున్నారా?"

సరంగు తలెత్తి చూశాడు. ఇరవై ఆరేళ్ళ ఫోటోలు. అన్నిటిలోనూ ఎడమచెయ్యే. ఎంగిలి చెయ్యి వెనక దాక్కుని ఉంది.

"నీకు తెలుసా?"

"పిల్ల పెద్దదయ్యేదాకా మీరు తినేటప్పుడు స్టీరింగ్ పట్టుకున్నది నేనే కదండీ! రెండో ఏడే తెలిసింది. క్యారియర్‌లో మూడు గిన్నెలుండేవి. నాలుగోది ఎందుకు తగిలించాననుకున్నారు? మీ మీద ప్రేమ కొద్దీ అనుకున్నారేమో. మీరింకో పావుగంట తింటారని."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీరు పంతానికి తినడం మానేస్తారు. ఇంక చేపలేం పడతాయి?"

డాక్టరు గబగబా కంప్యూటర్ మూసేశాడు. ఏదో పుచ్చిన పన్ను చూపించబోయి మనిషినే బాధపెట్టినట్టుందతనికి. సరంగు లేచి, ఇంటికెళ్ళిపోయాడు. తల తీసేసినట్టుంది. నవ్వినందుకు భార్య మీద కోపమొచ్చింది. పావుగంటకి ఆ కోపం కాస్తా తన మీదికే తిరిగింది. మెలిక పనికిమాలినదని తెలియడం ఒక ఎత్తు. పక్కనే ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకి అది ఎప్పట్నుంచో తెలుసని తెలియడం ఇంకో ఎత్తు.

గురువారం పొద్దున పడవ దగ్గరికి వస్తూనే, "నాకివాళ క్యారియర్ వద్దు," అన్నాడు. భార్య దాన్ని కూతురికి అందించింది.

డాక్టరు ఈ రోజు కెమెరాకు పొడవాటి తీగ తగిలించి, రెండో కొస పడవ వెనక ఒక చిన్న తెరకు కలిపాడు. కింద జరిగేది జరుగుతుండగానే కనబడుతుంది. సరంగు స్టీరింగ్ పట్టుకున్నాడు. ఇవాళ తిన్నగా పోతాడు, ఆ చేపేదో తన చేతిలోనే పడుతుంది, అంతే. పది నిమిషాలు తిన్నగా పోయాడు. పదకొండో నిమిషంలో చెయ్యి దురద పెట్టింది. మెలిక కాదు, చిన్న సవరింపు అనుకున్నాడు. పడవ గిర్రున తిరిగింది. వెనకనుంచి డాక్టరు "అయ్యో" అన్నాడు.

పదకొండయ్యేసరికి డాక్టరు ఎనిమిదిసార్లు అయ్యో అన్నాడు. పన్నెండింటికి అనడం మానేశాడు, అది ఇంకా ఘోరంగా ఉంది. ఒంటిగంటకి సరంగు కడుపులో ఎలుకలు పరుగెడుతుంటే, డాక్టరు మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సరంగుగారూ, మరోలా అనుకోకండి. మీరు కాస్త భోంచేస్తారా?"

తన పడవలో తనకింతటి గౌరవం ఎన్నడూ జరగలేదు. సరంగు స్టీరింగ్ వదిలేశాడు. కూతురు వచ్చి నిలబడింది. ఈసారి హెచ్చరిక చెయ్యడానికి ఆయనకు నోరు రాలేదు. క్యారియర్ తీసుకుని వెనక్కి, తెర ముందుకెళ్ళి కూర్చున్నాడు.

మూడో ముద్ద దగ్గర నీడ లేచింది.

ఇంత పెద్దదాన్ని ఆయన పైనుంచి కూడా చూడలేదు. ఎర వెనక చేరింది, ఒళ్ళంతా చారలు వెలుగుతున్నాయి. తినబోతోంది. లేదు, వెనక్కి తగ్గుతోంది. సరంగు గొంతులోకి "తిప్పు!" అన్న మాట వచ్చేసింది. ఇరవై ఆరేళ్ళుగా చేతులు చేస్తున్న పని, దానంతటదే మాటై వచ్చేసింది. ఆయన గబుక్కున పెద్ద ముద్ద ఒకటి నోట్లో కుక్కుకున్నాడు. మాట లోపలే ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కూతురికి తెర కనబడదు. దారాల వంకే చూస్తోంది. పడవ వేగం ఒక్క పిసరు తగ్గించింది. ఎర కాస్త నెమ్మదించింది. వెనక్కి తగ్గిన చేప ముందుకొచ్చి అందుకుంది.

దారం చుట్టిన రీలు కీచుమంది, డాక్టరు గాలం కర్ర మీదికి దూకాడు. సరంగు అలవాటు కొద్దీ ఎంగిలి చేత్తో లేచి, స్టీరింగ్ దగ్గరికి రెండంగల్లో చేరాడు. కూతురు తండ్రిని చూసింది. తొమ్మిదేళ్ళ అలవాటు ఆమెది కూడా. చేతులు తీసేసి పక్కకు జరిగింది.

ఆ జరగడం చూసి సరంగుకి సిగ్గేసింది. తొమ్మిది చేపలు తప్పిపోయిన సిగ్గు దీని ముందు ఎందుకూ కొరగాదు. ఆమెకు వచ్చిన చేపను ప్రతిసారీ ఇలాగే లాక్కున్నాడు. ఆమెకు ముందు భార్య దగ్గర కూడా ఇలాగే లాక్కున్నాడు. వాళ్ళిలాగే పక్కకు జరిగారు.

"పట్టుకో," అన్నాడు. "నేనింకా తినలేదు."

వెనక్కెళ్ళి కూర్చున్నాడు. గంటన్నర పట్టింది. చేప ఎటు పోతే అటు పడవను వెనక్కి నడిపింది కూతురు. దారం బిగుసుకుంటే పడవను దగ్గరికి పోనిచ్చింది, వదులైతే ఎడంగా జరిపింది. సరంగు నాలుగు గిన్నెలూ ఖాళీ చేశాడు. అయిపోయాక కూడా ఖాళీ గిన్నెలో చెయ్యి పెట్టుకునే కూర్చున్నాడు, లేస్తానేమోనని భయం. ఫోటోలో కూతురు రెండు చేతులతో చేపను పట్టుకుంది. తర్వాత అది నీళ్ళలోకి జారిపోయింది.

శుక్రవారం పొద్దున రేకుల గదిలో ఆయనే కాగితం అడిగి తీసుకున్నాడు. పేరు, పడవ, ఏళ్ళు గబగబా నింపేశాడు. ఒక చోట కలం ఆగింది. 'అభ్యర్థి పడవ నడుపుచున్న సమయమున పర్యవేక్షకుడు నిర్వర్తించిన విధులు' అని ఉందక్కడ. దాని కింద ఆరు గీతలు.

"మార్గదర్శకత్వం అని రాయండి. అందరూ అదే రాస్తారు," అంది భార్య.

సరంగు మొదటి గీత మీద 'భోజనం' అని రాసి, మిగతా అయిదూ ఖాళీగా వదిలేసి, కింద సంతకం పెట్టాడు.

కూతురు కాగితం అందుకుని చదివింది. నవ్వుతుందనుకున్నాడు. రెండేళ్ళు ఆ సంతకం కోసం తిరిగి ఒక్క కన్నీటి చుక్క రాల్చని పిల్ల, నిలబడ్డ చోటే బావురుమంది.

సరంగు కంగారుపడిపోయాడు. "తప్పు రాశానా అమ్మడూ? ఇలా తే, కొట్టేసి వేరేది రాస్తాను."

"కొట్టేశావో ఊరుకోను," అని ఆమె కాగితం గుండెకు అదుముకుని, ఏడుస్తూనే రేవు ఆఫీసు వైపు పరుగెత్తింది.